ఆరక్షరాల ఖాళీ

తార్తూలో మంచు పడుతున్నప్పుడు
ఆ క్లాసులో ముగ్గురం ఉండేవాళ్లం.
మార్చి వచ్చేసరికి నేనొక్కణ్ణే.
విర్వె కాస్క్ మేడం నా ఒక్కడి కోసమే
బోర్డు నిండా గ్రీకు రాసేది, తుడిచేది,
చేతులు కోటుకే రాసుకునేది.
సుద్దపొడి రేడియేటర్ మీద పడి
వెచ్చగా వాసన వేసేది.

ఆవిడ ఆస్తల్లా అరచేయంత పపైరస్ ముక్క.
అదీ ఫొటోలోనే.
తొమ్మిది పంక్తులు. రాసినవాడి పేరు
చిరిగిన అంచుతో పాటే పోయింది.
మూడో పంక్తిలో కాలిన మచ్చ.
మచ్చ కింద ఆరక్షరాలకు చోటు.

"కదిలేదానికి కదలనిది తెలియదు.
. . . . . . అయినా వెతుకుతుంది."

ఏది వెతుకుతుంది?
ఊపిరి, అంది మేడం. ముప్పై ఆరేళ్లు అదే అంది.
అందులో పదకొండేళ్లు
లైబ్రరీ నేలమాళిగలో కార్డులు రాస్తూ అంది.
ఆ రోజుల్లో ఆత్మ గురించి మాట్లాడాలంటే
వ్యాకరణం చాటున నిలబడి మాట్లాడాలి.
తర్వాత జెండా మారింది,
నోట్లు రెండుసార్లు మారాయి,
మచ్చ మారలేదు.

గొట్టింగెన్‌లో ఫెన్‌స్కె అని ఒకాయన.
నిప్పు, అన్నాడాయన.
పుట్‌నోట్లలో ఒకరి పీక ఒకరు పట్టుకున్నారు,
ఎంతో మర్యాదగా.
ఏటా కొత్త సంవత్సరానికి ఆయన దగ్గర్నించి కార్డు:
"నిప్పే."
ఈవిడ జవాబు: "ఊపిరే."
అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.
ఆ కార్డులన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచింది.
పెళ్లి గురించి నేనెప్పుడూ అడగలేదు.

గ్రాంటు దరఖాస్తులో ఒక గడి ఉంటుంది,
మీ పరిశోధన వల్ల సమాజానికి ఏమిటి లాభమని.
ఒక ఏడు విసుగొచ్చి
"అయినా వెతుకుతుంది" అని రాసి పంపింది.
డబ్బు రాలేదని వేరే చెప్పాలా?

నేను రేవులో ఉద్యోగం చూసుకున్నాను.
ఆవిడ రిటైరయింది. ఆ గదిలోకి
ఎవరివో ప్రింటర్లు వచ్చాయి.

పోయిన నవంబరులో ఫోన్ చేసింది.
"ఇంద్రెక్, మచ్చ పోయింది."
ఏదో కొత్తరకం వెలుగుతో ఫొటో తీశారట,
కాలిన చోట సిరా కనబడుతోందట.
రాత్రి బస్సెక్కి వెళ్లాను.

నిప్పు కాదు. ఊపిరి కాదు.
రెండే అక్షరాలు.
మనం మాటల మధ్యలో "మరి" అంటామే, అలాంటిది.
దానికి అర్థం లేదు. అది లేకపోతే
వాక్యంలో మనిషి గొంతు లేదు.
ఆ పక్కన నాలుగక్షరాల మేర ఉత్త పపైరస్.
నారలో ముడి ఉందిట అక్కడ,
రాసేవాడు కలం ఎత్తి దాటేశాడు.

"కదిలేదానికి కదలనిది తెలియదు.
మరి, అయినా వెతుకుతుంది."

ఏది వెతుకుతుందో ఆయన చెప్పనే లేదు.

ఏడుస్తుందనుకున్నాను. జేబురుమాలు కూడా పట్టుకెళ్లాను.
మేడం కళ్లజోడు తీసి నవ్వింది,
దగ్గు వచ్చేదాకా నవ్వింది.
"ఉద్యోగమంతా ఒక ముడి మీద కూర్చున్నానోయ్."
ఆ పైన గభాలున లేచి
డబ్బాలోంచి ఖాళీ కార్డు ఒకటి తీసి
"మనిద్దరం కాదు" అని రాసింది.
అడ్రసు రాయబోతూ ఆగింది.
ఫెన్‌స్కె పోయి రెండు చలికాలాలైంది.
కార్డు ఆయన కూతురికి పంపాం.
ఆ పిల్లకి ఏం అర్థమైందో!

ఇప్పుడు రేవులో, కంటైనర్ మీద తుప్పు తిని
ఒక అంకె చెరిగిపోతే
తోటివాళ్లు ఊహించి నింపేస్తారు.
నేను చుక్క పెట్టి వదిలేస్తాను.
మా అధికారికి ఒళ్లు మండుతుంది.
టార్చి పట్టుకుని మళ్లీ వెళ్లి చూస్తాను.
వేళ్లతో తడుముతాను,
గాలి ఇనుము మీద ఈల వేస్తుంటే.

మేడం ఏడో పంక్తి మొదలుపెట్టిందట.
అక్కడ చెదలు తిన్నాయి.