చెయ్యి తిరగడం

అమగాసాకిలో, ఫ్యాక్టరీల వెనక,
మూడంతస్తుల గోల్ఫ్ ప్రాక్టీసు షెడ్డు.
చుట్టూ పచ్చటి వల, ఆరంతస్తుల ఎత్తు.
కౌంటర్లో బంతుల కార్డులు అమ్మేది నేను.

ఏడింటికల్లా కురమోచి గారు వస్తారు,
చేతులకి ఇంకా మిషన్ నూనె వాసన.
లేత్ మీద ముప్పై రెండేళ్లు.
ఇనుములో వెంట్రుకవాసి తేడాని
గోటితో తడిమి చెప్పగలరట.
చెయ్యి తిరిగిన మనిషి అంటారు ఫ్యాక్టరీలో.
ఇక్కడ మాత్రం ఆ చెయ్యి తిరగదు.
తిరగాల్సిన క్షణానికి మణికట్టు మొరాయిస్తుంది.
బంతి బుద్ధిగా బయల్దేరి,
సగం దారిలో ఏదో మరిచిపోయినట్టు
కుడికి మళ్ళి వల మూలకి పోతుంది.

రెండో బంతి కుడికి.
నలభయ్యోది కుడికి.
నూట పన్నెండోది తిన్నగా!
ఎవరైనా చూశారా అని
ఆయన వెనక్కి తిరుగుతారు.
నేను చిల్లర లెక్కపెడుతుంటాను.
నూట పదమూడోది కుడికి.

పక్క గడిలో ఇన్సూరెన్సు నిషివాకి:
"తల కదుపుతున్నారు."
అవతలి గడిలో పళ్ళ డాక్టరు:
"తల కాదండీ, నడుం."
పై అంతస్తు నుంచి మెట్లు దిగుతూ ఇంకెవరో:
"అంతా పట్టులో ఉంది. తడి సబ్బుని పట్టుకున్నట్టు పట్టాలి."
చెప్పిన ముగ్గురి బంతులూ
అదే కుడి మూలలో
కురమోచి గారి బంతుల పక్కన చేరి
తెల్లారేదాకా కబుర్లాడుకుంటాయి.

చివరి గడి తత్సునో బామ్మది.
అరవై ఎనిమిదో ఏట కర్ర పట్టింది.
కొడితే ఎనభై గజాలు,
తొంభైకి పోదు, డెబ్బైకి ఆగదు,
దారం లాగి గీసినట్టు ఉంటుంది.
ఆమెని ఎవరూ ఏమీ అడగరు.
ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు.
యాభై బంతులు, ఒక ఫ్లాస్కు బార్లీ టీ,
ఇంటికి.

పోయిన మంగళవారం కురమోచి గారు
తన ఫోన్ నా చేతికిచ్చి వీడియో తీయమన్నారు.
తీశాను.
చూసుకున్నారు. మళ్ళీ చూసుకున్నారు.
"ఇది నేనేనా?
నెమ్మదిగా ఎత్తాను కదా?
భుజం పూర్తిగా తిప్పాను కదా?"
ఫోన్‌లో మనిషి ఈగల్ని తోలుతున్నాడు.
మైక్రోమీటర్ కోసమేమో, ఆయన చెయ్యి
చొక్కా జేబుదాకా వెళ్ళి
ఉత్తినే తిరిగొచ్చింది.
ఒళ్ళు ఆడే అబద్ధాన్ని కొలవడానికి
ఏ కంపెనీ పరికరం చేస్తుంది?

నిజం గడ్డి మీద ఆయన కాలు పెట్టింది
పదకొండేళ్లలో నాలుగుసార్లు.
అందులో ఒకసారి వాన.
మిగతాదంతా ఈ ప్లాస్టిక్ చాప,
నేల లోంచి దానంతటదే పైకొచ్చే
తరవాతి బంతి.
ఎందుకండీ అని అడగాలనిపిస్తుంది.
అడగొద్దని మా యజమాని ముందే చెప్పాడు.

పదింటికి దీపాలు ఆర్పాను.
స్టేషన్లో ఇద్దరిదీ ఒకే ప్లాట్‌ఫారం.
బండికి ఇంకా ఆరు నిమిషాలు.
ఆయన తడి గొడుగు ముడిచి,
మొన వైపు పట్టుకుని,
అటూ ఇటూ చూసి,
ఎత్తి తిప్పారు.
బంతి లేదు కదా,
తాళంలో చెవి తిరిగినట్టు తిరిగింది మణికట్టు.
నీటి చుక్కలు పసుపు గీత వెంబడి
తిన్నగా, చాలా దూరం వెళ్ళాయి.

పట్టాలకి అవతల
టై వదులు చేసుకున్న పెద్దమనిషి ఒకాయన,
ఆయన చేతిలోనూ గొడుగే,
చూశాడు. కాసేపు ఆలోచించాడు.
నోరు విప్పకుండా
తన ఎడమ మోచేతిని
రెండుసార్లు తట్టి చూపించాడు.
కురమోచి గారు నడుం వంచి నమస్కరించారు.
మోచెయ్యి సర్దుకుని మళ్ళీ ఎత్తారు.
ఇంతలో బండి మధ్యకొచ్చింది.

ఎక్కి కిటికీలోంచి చూశాను.
అవతలాయన
గొడుగు సగం ఎత్తి అలాగే ఆగి,
తన మోచెయ్యి తానే
అనుమానంగా చూసుకుంటున్నాడు.