డెబ్బై చీటీలు

అంబ్రొలౌరి పైన వాన వెలిసిన సాయంత్రం
ముర్మాన్ తన లెక్కల పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టాడు.
అట్టకు తేనె అంటుకుని ఉంది.
పేజీలు విడదీయడానికి చాకు మొన కావలసొచ్చింది.

ఎనిమిది తేనెపెట్టెలు.
ఆగస్టులో గొర్రెతోలు టోపీలో చీటీలు వేసి
మనవరాలు తెక్లే చేత నాలుగు తీయించాడు.
ఆ నాలుగింటికీ
వాము ఘాటున్న కొండ థైమ్ నూనె పట్టించాడు.
మిగిలిన నాలుగింటినీ వాటి కర్మకు వదిలేశాడు.

అక్టోబరులో, మూడొందల ఈగల ఒంటిమీద దొరికిన పురుగులు:
నూనె పడ్డచోట మూడు, ఐదు, ఆరు, తొమ్మిది.
పడనిచోట ఎనిమిది, పదకొండు, పన్నెండు, పద్నాలుగు.
"చూశావుగా ఎతేరీ, సగానికి సగం. ఇక ముద్ర కొట్టు."

ముందు నీ నూనె వట్టి నీళ్లనుకో, అన్నాను.
అతని కనుబొమలు ముడిపడ్డాయి.
అనుకోమన్నానంతే. కాసేపే.
నీళ్లే అయితే ఈ పురుగులు ఎలాగూ ఇన్నే ఉండేవి,
మూడున్నచోట మూడు, పద్నాలుగున్నచోట పద్నాలుగు.
మారేదల్లా తెక్లే చెయ్యి.
ఆ పిల్ల ఆ నాలుగే ఎందుకు తీయాలి?
ఇంకే నాలుగైనా తీసుండొచ్చు.

కాగితం చింపి రాయడం మొదలుపెట్టాను.
ఎనిమిదిలో నాలుగు తీసే దారులన్నీ, ఒక్కో చీటీకి ఒకటి.
టీ చల్లారింది. దీపం వేశాను.
డెబ్బై అయ్యాయి.
డెబ్బై తెక్లేలు, డెబ్బై టోపీలు,
అన్నింట్లోనూ అవే ఈగలు.

కాకి వాలడం, కాయ రాలడం
ఒక్క క్షణంలో జరిగితే కాకిని మెచ్చుకునే లోకం ఇది.
నా పని
కాకి లేకపోయినా ఎన్ని కాయలు రాలతాయో లెక్కపెట్టడం.

నూనె పెట్టెల పురుగులన్నీ కలిపితే ఇరవైమూడు.
అంతకు మించకుండా వచ్చిన చీటీలు
రెండే. ఒకటి మనది.
ముర్మాన్ లేచి నిలబడ్డాడు. డెబ్బైలో రెండు!
వందకు మూడు కూడా లేదు!
కుతాయిసి ఆఫీసువాళ్ల గీత ఐదు దగ్గరుంది.

అప్పుడు పుస్తకం మొదటి పేజీ తిప్పాను.
అతని చేతిరాతే, ఆగస్టు మూడు:
నూనెతో పురుగు పెరుగుతుందో తగ్గుతుందో చూడాలి.
పెరుగుతుందో.
వాళ్ల నాన్న ఏదో నూనె పూసి
ఒక వేసవంతా ఈగల్ని పోగొట్టుకున్నాడట. ఆ భయం.
రెండు వైపులా అడిగినవాడు
రెండు వైపులా లెక్కపెట్టాలి.
అటు చివర కూడా రెండు చీటీలున్నాయి.
డెబ్బైలో నాలుగు. సున్నా పాయింట్ సున్నా ఐదు ఏడు.
గీతకు వెంట్రుకవాసి అవతల.

పెన్సిలు రాతే. ఒక్క మాట.
అతను నా వంక చూళ్లేదు, నేనూ చూళ్లేదు.
నా సొరుగులో రబ్బరుంది.

చాలాసేపటికి అడిగాడు:
"అంటే నా నూనె పనికిరానిదయ్యే అవకాశం వందకు ఆరా?"
కాదు, ముర్మాన్. వానొస్తే వాకిలి తడుస్తుంది.
వాకిలి తడిసుంటే వానేనా?
తెక్లే బకెట్లు కడిగి ఉండొచ్చు.
నూనె వట్టి నీళ్లయితే ఇంత తేడా ఎంత అరుదో చెప్పాను.
నీళ్లా కాదా అన్నది
ఈ అంకెను అడిగితే చెప్పదు.

"మరి ఎవర్నడగాలి?"
ఇంకో ఏడాదిని. ఇంకో ఎనిమిది పెట్టెల్ని.
"తోడల్లుడివి ఉన్నాయి," అన్నాడు గొణుగుతూ.
"వాడు ఊరికే ఇవ్వడు."

ఉన్నది ఉన్నట్టు రాశాను:
పెట్టెకు ఐదున్నర పురుగుల తేడా, ఆ నాలుగు, ఆ డెబ్బై.
"పనిచేసింది" అని రాయలేదు.
"పనిచేయలేదు" అనీ రాయలేదు.
అతను పుస్తకం చంకన పెట్టుకుని బురదలో దిగిపోయాడు.

చీటీలు ఏరితే అరవైతొమ్మిదే ఉన్నాయి.
బల్ల కిందా చూశాను.
ఒకటి తేనె అట్టకు అతుక్కుని
కొండ దిగి వెళ్లిపోయి ఉంటుంది.
ఏదో నాకు తెలియదు.
డెబ్బైలో అరవై ఆరు వంతులు
అది మామూలు చీటీయే.
అయినా దీపం పట్టుకుని
మిగిలినవి మళ్లీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.