వాట్ల లెక్క

పదహారు లక్షల తుగ్రిక్‌లు.
వినడానికి జమీందారీలా ఉంటుంది గానీ
ఉలాన్‌బాతర్‌లో ఆ డబ్బుకి
మంచి కంప్యూటర్ సగమే వస్తుంది.
మిగతా సగం బేరంతో పూడ్చాలి.

తమ్ముడు తెమూలెన్ నోటుబుక్కులో
నాలుగు నెలలుగా రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్ళీ రాస్తాడు.
ప్రాసెసర్ ఒక మెట్టు దిగితే
గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు ఎక్కుతుంది.
ర్యామ్ స్టిక్ ఒకటే కొందామంటాడు,
ఒంటెద్దుతో కాడి ఎలా నడుస్తుందని
తనే మళ్ళీ వద్దంటాడు.
కేసుకి అద్దం తలుపు, లోపల రంగు దీపాలు:
ఎన్నిసార్లు చెరిపి రాశాడో
అక్కడ కాగితం చిరిగింది.

అట్టడుగున, అంచుకి ఇరుక్కుని
పవర్ సప్లై, నలభై వేలు.

నేను థర్మల్ కేంద్రంలో
బొగ్గు బెల్టు పక్కన రాత్రి డ్యూటీ చేసేదాన్ని.
ఫ్రేముల లెక్క నాకు తెలీదు.
వాట్లు తెలుసు.
బొటనవేలంత రిలే ఒకటి చెడి
వీధి వీధంతా చలిలోకి జారిపోవడం తెలుసు.
"ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?" అన్నాను.
"అది ఎవరికీ కనబడదు కదక్కా, మూల ఉంటుంది."

నేనూ కనబడను రా,
నువ్వు స్విచ్ వేసినప్పుడు.

శనివారం, కంప్యూటర్ల బజారు, రెండో అంతస్తు.
షిరెన్‌దెవ్ గాజు బల్ల మీద పాత కార్డు.
కాలేజీ అమ్మాయిదట,
ఆదివారాలు మాత్రమే ఆడుకునేదట.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
కాలిన దుమ్ము, ఎండిన నూనె.
కాయిన్ల గనిలో రెండేళ్ళు
రాత్రనక పగలనక తిరిగిన వాసన.

తెమూలెన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
ఆపింది నేనే.
ఏడేళ్ళుగా రాత్రిళ్ళే తిరుగుతున్నాను నేను,
పనికిరాకుండా పోయానా?
"ఫ్యాన్లు కొత్తవి వెయ్యి,
ఆ కాలేజీ అమ్మాయికి లక్ష తగ్గించు."
డెబ్భై వేలకి దిగాడు.
మా ఊళ్ళో అబద్ధం ధర అంత.

పవర్ సప్లైలు రెండు, రెండు చేతుల్లో పట్టి తూచాను.
చవకది ఎండు రొట్టెలా తేలిపోయింది,
పైన పటారం, లోన లొటారం.
రెండోది అప్పుడే పుట్టిన మేకపిల్లంత బరువు.
లక్షా ఎనభై వేలు.

అద్దం తలుపు పోయింది.
రంగు దీపాలు పోయాయి.
కేసు ఏదో బ్యాంకు పారేసిన బూడిదరంగు డబ్బా,
ఒక పక్క సొట్ట,
ఇంకో పక్క చీటీ మీద వాళ్ళ నంబరు, 0417.
బస్సు దిగేదాకా వాడు నాతో మాట్లాడలేదు.

బయట మైనస్ ముప్పై ఒకటి.
కొండ మీది గెర్‌లో పొయ్యి ఎర్రగా ఉంది.
విప్పబోయాడు.
"ఆగు. చలిలోంచి వచ్చిన ఇనుముకి చెమట పడుతుంది.
నాలుగు గంటలు.
ముట్టుకునే ముందు మంచం కోడు పట్టుకో,
ఈ పొడి గాలికి నీ వేళ్ళ చివర్లలో పిడుగులుంటాయి."
అట్టపెట్టెల ముందు మఠం వేసి కూర్చున్నాడు,
పాలు కాగే గిన్నెని చూస్తున్నట్టు.

నా బస్సు ఏడింటికి.
అప్పటికి టేపు కూడా కొయ్యలేదు.

పదకొండున్నరకి ఫోనులో ఒక్క ముక్క:
"వెలిగింది."
చాలాసేపటికి ఇంకోటి:
"మూలది అసలు చప్పుడే చెయ్యట్లేదక్కా."

కంట్రోల్ రూం గాజులోంచి పెద్ద మీటరు చూశాను.
వందల మెగావాట్ల ముల్లు.
వాడివి మూడు వందల వాట్లు.
ముల్లు కదల్లేదు, కదలదనీ తెలుసు.
అయినా కాసేపు నిలబడ్డాను.

బెల్టు మీద బొగ్గులో కలిసి
రాయి ఒకటి వస్తోంది.
తీసి పక్కన పడేశాను.