కొత్తవలస అనుకోకండమ్మా

"కొత్తవలస అనుకోకండమ్మా, వైజాగే అనుకోండి"
అంటాడు తవిటయ్య, తాళం తిరగక
తలుపుని భుజంతో నెడుతూ.
మూడో అంతస్తు. రెండు గదులు.
కిటికీ చువ్వ మీద ఎర్రటి పొడి,
వేలితో రాస్తే గీత పడింది.
"ఇనపరాయి బండమ్మా, కిరండూలుది. తుడిస్తే పోద్ది."
మళ్ళీ బండొస్తే మళ్ళీ వస్తదని
అతను చెప్పలేదు, నేను అడగలేదు.

కుళాయి తిప్పాను. ముందు దగ్గింది,
తర్వాత నీళ్ళు.
"సారు ఎప్పుడొచ్చి చూస్తారమ్మా?"
సారూ నేనే, తవిటయ్యా.
ఒక్కసారి నా చేతులకేసి చూసి
వంటగది కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.

పదకొండేళ్ళు బర్కాలో ఉండి
అందరికీ మస్కట్ అనే చెప్పాను.
తెల్లారకుండా నాలుగూ ముప్పావుకి వ్యాను,
పన్నెండు మంది నర్సులం, పదకొండు నిద్రలు.
మారిసెల్ ఒక్కతే జపమాల తిప్పుతూ ఉండేది.
ఎడమ పక్క చీకట్లో సముద్రం ఉందని
నమ్ముతూ వెళ్ళేవాళ్ళం.
సెలవు రోజున చూస్తే నిజంగానే ఉంది.

ఇంకో ఊరి పేరు చెప్పుకునే ఊళ్ళో ఉండడం
నాకు వచ్చిన విద్యే.
సమస్య అది కాదు,
ఇరవయ్యేళ్ళ అప్పు కాగితం మీద
'శాశ్వత చిరునామా' అన్న గడి.
అక్కడి కార్డులో ఆ గడి లేదు,
ఎందాకా ఉండొచ్చో తేదీ ఉండేది.
పరుపు కొన్నా
అమ్మితే ఎంతొస్తదో లెక్కేసే కొన్నాను.

మెరకముడిదాం నుంచి చెల్లెలి ఫోను:
"ఊరికీ రావు, పట్నంలోనూ ఉండవు,
మజ్జిన ఆ టేసను కాడ ఏటే నీకు?"
ఏటో నాకూ తెలీదు.

ఈ జిల్లాల్లో ఎన్ని వలసలో.
ఆమదాలవలస. మేనత్తని ఇచ్చిన గదబవలస.
ఎవరో ఎక్కణ్ణుంచో మూటలతో వచ్చి
దిగబడిన చోట్లు.
దిగి ఎన్ని తరాలైనా పేరు మార్చలేదు ఎవరూ,
దీన్ని పాత కొత్తవలస అని కూడా అనలేదు.

వారం రోజులు టేసనెదుట లాడ్జీలో ఉండి
రైలెక్కి చూశాను, ప్యాసింజర్లో, ఆడవాళ్ళ పెట్టె.
మొదటిరోజు నిలబడ్డాను.
రెండోరోజూ.
మూడోరోజు పారమ్మ పనసకాయల గంపని కాలితో జరిపి
"కూకో తల్లీ, పనసకాయకి టికెట్టు లేదు" అంది.
ఎదర బ్యాంకు పిల్ల అద్దం లేకుండా కాటుక,
కొత్తవలసలో ఒక కన్ను, పెందుర్తి దాటేలోపు రెండోది.
సింహాచలం కొండ కనపడగానే
మాట ఆపకుండానే అందరూ చెయ్యెత్తారు.
నా చెయ్యీ లేచింది, కొండ వెనక్కి పోయాక.

సాయంత్రం తిరుగుబండిలో సగం వంట అక్కడే.
ఎవరో ఒకావిడ అడక్కుండా
నా ఒళ్ళో గోంగూర పోసి
"ఏ ఊరమ్మా?" అంది.
ఆకు తుంచుతూ ఉండిపోయాను.
బర్కా, మస్కట్, మెరకముడిదాం,
ఏదీ ఆ వేళకి నోటికి రాలేదు.
"ఇంకా చూస్తన్నాను" అన్నాను.
"బేగి చూడు. ఆకు వాడిపోద్ది."
నా సంగతో, గోంగూర సంగతో.

తవిటయ్య బయానా అడిగాడు.
రేపు చెప్తానన్నాను, నిన్నా అదే అన్నాను.
మెట్లు దిగి, గేటు పడితే ఆగి,
టేసను కౌంటరులో సీజన్ టికెట్ అడిగాను.
"నెలకా, మూణ్ణెల్లకా?"
వెనక లైను గొణుగుతోంది.
మూణ్ణెల్లకి.

తేదీ చూశాను. ఉంది.
పర్సులో పాత కార్డు వెనక దోపబోతే
టికెట్టు అంచున
నా వేలి ఎర్ర మచ్చ.