రెండు రెక్కల వాకిలి

మా సీమలో వాకిలంటే తలుపే.
"వాకిలెయ్యి, దుమ్మొస్తాంది" అంటాం.
మరి ముగ్గేసే చోటుని ఏమంటారని
కోస్తా నుంచి బదిలీపై వచ్చిన టీచరమ్మ అడిగితే
"బయట" అన్నాను, అంతకన్నా తోచక.

వెల్దుర్తిలో మేం కొన్న చవుడు మిద్దెకి
అన్నీ ఉన్నాయి.
రెండు మూరల మందాన గోడలు,
పొగ పోయే గవాచి, నాపరాళ్ళ అరుగు,
ఎవరో దేనికో దూలానికి కట్టి
మరిచిపోయిన తాడు ముడి.
వాకిలి ఒక్కటే లేదు.
ముందున్నోళ్ళు ఏ చలికాలమో
పొయ్యిలో పెట్టుకున్నారంట.

కర్నూలంతా తిరిగినాను.
ఒక షాపులో గజలక్ష్మిని చెక్కిన టేకు తలుపు,
ఏనుగులు రెండూ నా జీతం వైపే తొండాలు చాపి.
ఇంకొకచోట ఫ్లష్ డోరు,
తడితే అట్టపెట్టె మాదిరి పలికింది.
మా ఆయన ఇనుప షట్టరన్నాడు.
"మిద్దెకి షట్టరేస్తే
అవ్వకి కూలింగ్ గ్లాసులు పెట్టినట్టుంటాది"
అని నవ్వినాడు మౌనాచారి.

మౌనాచారి వడ్రంగి. పేరుకే మౌనం.
టేపు తీయకుండా జానలేసి కొలిచినాడు.
పొట్టి వాకిలి, వెడల్పు వాకిలి.
"మనిషి వొంగి రావాల,
ఎద్దు కొమ్ము తగలకుండా రావాల.
అదీ దీని లెక్క."
ఎద్దుల గాడి ఉన్న మూలన
ఇప్పుడు మా స్కూటీ నిలబడతాది.
దానికి కొమ్ములు లేవు గానీ
అద్దాలున్నాయి కదా.

పాతచెక్క అమ్మే దస్తగిరి కొట్టులో
కొలతకి సరిపోయింది ఒక్కటే.
దాని మీద ఆయన పడుకోనున్నాడు.
నాలుగు ఇటుకల మీద పరిచిన ఒంటి రెక్క,
నల్లమద్ది,
ఇనుప బుడిపెలు కిందికి తిప్పి,
అంచున తారుతో రాసిన ఇంటి నెంబరు.
ఇల్లు లేదు. ఊరు లేదు. నెంబరుంది.

"అమ్మను" అన్నాడు.
మళ్ళీ తనే,
"అమ్మినా నీకేం పనికొస్తాదమ్మా, సగమే నాది" అన్నాడు.

ఊరు మునకలో పోయిన ఏడు
దూలాలు, వాసాలు, బండలు పంచుకోని
ఆఖరికి వాకిలి మిగిలితే
అన్నకో రెక్క, తమ్మునికో రెక్క.
ద్వారబంధం ఊడి రాలేదంట.
దాన్ని నీళ్ళకే వదిలేసినారు.
మాటల్ని కూడా.

మూడోసారి పోతే టీ చెప్పినాడు.
నాలుగోసారి ధర చెప్పినాడు.
ఐదోసారి, మొహం అటు తిప్పుకోని,
నందికొట్కూరు పక్కన
ఒక గొర్రెల దొడ్డికి దావ చెప్పినాడు.

హుసేన్ పీరా బేరమాడలేదు.
"వాడిచ్చినాడా?" అని రెండుసార్లు అడిగినాడు.
రెక్క ఊడదీసి టెంపోకెత్తి
దొడ్డికి ముళ్ళకంప అడ్డం లాగి
గొర్రెల్ని తిట్టుకుంటా లోపలికి పోయినాడు.

కొట్టులో నీడపట్టున పెరిగిన రెక్క నున్నగా,
దొడ్డి కాడ ఎండకీ వానకీ నిలబడింది
బిరుసుగా, కొంచెం వంకరగా.
కొత్త ద్వారబంధంలో నిలబెడితే
నడిమధ్యన వేలెడు సందు.
"పట్టీ కొడతా, కనపడదు" అన్నాడు మౌనాచారి.
ఆలోచించి చెప్తానన్నాను.
నెల దాటింది, ఇంకా చెప్పలేదు.
పొద్దున ఏడుకి ఆ సందులోంచి
ఒక ఎండగీత దూరి
స్కూటీ సీటెక్కి కూర్చుంటాది.
రాత్రిళ్ళు బల్లి వస్తాది.
మా ఆయనకి ఇప్పటికి మూడు బొప్పులు.

మొన్న ఆదివారం దస్తగిరి వచ్చినాడు.
నేను రెండు రెక్కలూ తీయబోతే
చెయ్యి అడ్డం పెట్టి
తన రెక్క ఒక్కటే నెట్టి
పక్కకి తిరిగి
తలొంచి
లోపలికొచ్చినాడు.

టీ తాగినాడు. గవాచి చూసినాడు. చవుడు బాగుందన్నాడు.
పోయేటప్పుడు
అన్న రెక్కకి గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో
రెండుసార్లు కదిలించి చూసినాడు.