మైనస్ గుర్తు

కిసుములో నలభై ఎనిమిది గంటల పోటీ.
శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలు,
ఆదివారం ఆరింటికి
కీబోర్డుల మీంచి చేతులెత్తేయాలి.
మెకానిక్కుల శిక్షణకని కట్టిన హాలు.
గోడ మీద ఇంకా ఇంజను పటం,
కింద ఇరవై రెండు జట్లు,
ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్టూ
పాలకోసం తొక్కుకునే పిల్లికూనల్లా ఛార్జర్లు.

నేను నైరోబీ నుంచి వచ్చిన జడ్జిని.
పగలు పాఠం చెప్పాలి, చివర్న మార్కులు వేయాలి.
కొత్తదనానికి ఇరవై, బొమ్మలకి ఇరవై,
శబ్దానికి పది.
మిగతా యాభై, ఆడబుద్ధి అవుతోందా అన్నదానికి.
ఆ యాభై ఎలా వేయాలో
నాకెవరూ నేర్పలేదు.

మొదటిపూట గురుత్వాకర్షణ చెప్పాను.
ఒక్క అంకె మారిస్తే చాలు,
మీ బొమ్మ చంద్రుడి మీద గెంతుతుందన్నాను.
వెనక బెంచీలోంచి అవీనో లేచింది:
"నీళ్ల మీద పక్కకి కూడా లాగుతుంది కదా సార్,
దానికే అంకె?"
హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ పిల్ల అడిగింది గాలి గురించని
మధ్యాహ్నం టీ తాగుతుంటే తట్టింది.

వాళ్ల ఆటలో ఒక పడవ, ఒక లాంతరు,
దారి మూసుకుంటూ వచ్చే గుర్రపుడెక్క.
నామ్ లోల్వే మధ్యకి పోయి
ఒమెనా చేపల వల లాగి తెల్లారేలోపు తిరిగి రావాలి.
ఫోను గడియారంలో రాత్రయితే ఆటలోనూ రాత్రే.
బొమ్మలు వెసోంగావి.
మౌసు పాడైతే పగిలిన ఫోను మీద
చూపుడువేలితో గీశాడు,
ఒక్కో ఆకూ వేలంత లావు.

శనివారం రాత్రి పడవ మాట వినడం మానేసింది.
ఎవరూ ముట్టుకోకుండానే
ఒడ్డు వదిలి లోపలికి, లోపలికి.
రెండింటిదాకా వెతికారు. కరెంటు పోయింది.
లాప్‌టాప్ వెలుగులో చివరికి దొరికింది,
ఉండకూడని చోట ఒక మైనస్ గుర్తు.
తీసేశారు.
పడవ కట్టేసిన మేకలా ఒడ్డుకొచ్చి నిలబడింది.

వాచ్‌మన్ ముసలాయన ఒగుతు
టార్చితో అటుగా వచ్చాడు.
ఆడి చూడు తాతా, అన్నారు.
పుల్ల నములుతూ ఒంటివేలితో కాసేపు ఆడి అన్నాడు:
"ఇది పగటి గాలి.
రాత్రి గాలి నేలమీంచి నీళ్లలోకి పోతుంది.
చీకటిపడ్డాక మేం తెడ్డు ముట్టేవాళ్లం కాదు,
అదే తీసుకుపోయేది.
పొద్దెక్కాక సరస్సే ఇంటికి తోలేది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత అవీనో
దిద్దిన తప్పుని మళ్లీ తప్పు చేయడం మొదలెట్టింది,
రాత్రికి మాత్రమే.
దానికి గంట పట్టింది.

ఇదంతా నాకెలా తెలుసంటే,
ఆ వెనకే రెండు కుర్చీలు కలిపి పడుకున్నాను.
నిద్ర రాలేదు.

ఆదివారం సాయంత్రం ఆరుంబావు.
రాత్రి ఎలా ఉంటుందో చూపించడానికి
ఫోను గడియారం ముందుకి తిప్పిందామె.
కంపెనీ తరఫున వచ్చిన జడ్జి ఆడుతూ అడిగాడు:
"పడవని ఏదో నెడుతోందే, బగ్గా?"
"రాత్రి కదండీ," అంది అవీనో.
అంతే. ఇంకో ముక్క అనలేదు.
నాకు తెలుసు. నేను చెప్పొచ్చు.
జడ్జి ఒక జట్టు తరఫున మాట్లాడకూడదని
ఎక్కడో రాసుంది, లేదా ఉందనుకున్నాను.
యాభైకి ముప్పై ఒకటి వేశాను.

మొదటి బహుమతి ఎల్డొరెట్ పిల్లల
మటాటు రేసుకి వెళ్లింది.
మంచి ఆటే, అబద్ధమెందుకు,
నేనే మూడుసార్లు ఆడాను.
సామాన్లు సర్దుతుంటే ఒగుతు వచ్చి
పడవ ఆట తన ఫోన్లో వేయమన్నాడు.
అది మీటల ఫోను.
వెసోంగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
బొమ్మ ఒకటి కాగితం మీద గీసిచ్చాడు.

రాత్రి బస్సు కెరిచో తేయాకు కొండలెక్కుతోంది.
పక్కసీటాయన గురక.
ఫోను తీసి ఆట తెరిచాను.
ఒంటిగంట దాటింది.
ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను,
ఏమీ ముట్టుకోలేదు.
లాంతరు
మెల్లగా
ఒడ్డుని వదిలింది.