లఘులిపిలో లేని గుర్తు

రోమ్‌లో, మూడో అంతస్తు, కమిటీ గది.
ఇరవై రెండేళ్ళుగా నా పని ఒకటే:
మాట నోరు దాటి బల్లను చేరేలోపు
దాన్ని గీతగా వంచి పట్టుకోవడం.
మంత్రిగారి తడబాటుకు గుర్తుంది నా దగ్గర,
నవ్వులకుంది, చప్పట్లకుంది,
"సభలో గందరగోళం" అనడానికి
ఒక్క కొక్కెం చాలు.

ఆ రోజు మార్చి నెల, వాన.
బిల్లు మొదటి నిబంధన మీద చర్చ.
"రాతినార కలిసిన ఏ సరుకూ
తయారు చేయరాదు, అమ్మరాదు, దిగుమతి కారాదు."
"ఏ సరుకూ" దగ్గర గంటన్నర ఆగారు.
ఆస్బెస్టాస్ అంటే గ్రీకులో ఆరిపోనిదని
ఒక ప్రొఫెసరు అడక్కుండానే చెప్పాడు.
బ్రేకు పట్టీలకు మినహాయింపు కావాలన్నారొకరు,
గొట్టాల కీళ్ళకు ఇంకొకరు,
అన్నిటికీ కలిపి రెండేళ్ళ గడువడిగాడు
తెల్లటి చేతులున్న ఒక పెద్దమనిషి.
"పరిశ్రమ ఊపిరి తీసుకోవాలి కదా" అన్నాడు.
ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను.
నా పని అదే.

సాక్షుల వరసలో చివరి కుర్చీ
ఎర్సీలియా గర్రోనేది.
పో నది ఒడ్డున సిమెంటు రేకుల ఊరు ఆమెది.
ఎవరిదో తొడుక్కొచ్చినట్టు వదులుగా నల్లకోటు,
ఒళ్ళో చేతిసంచీ, దానిమీద రెండు చేతులూ.

పేరు, ఊరు, వృత్తి చెప్పమన్నారు.
"ఉతుకు" అంది.
"లాండ్రీలోనా?"
"ఇంట్లో. మా ఆయన ఒరెస్తె ఫ్యాక్టరీ బట్టలు.
శనివారం శనివారం. పందొమ్మిదేళ్ళు.
తొట్టిలో వేసేముందు దులపాలి కదండీ,
కిటికీ దగ్గర నిలబడి దులిపేదాన్ని.
ఎండలో ఆ దుమ్ము ఎంత బావుండేదో,
గాలిలో జరీ ఎగిరినట్టు.
మా చిన్నది దాన్ని పట్టుకోవాలని గెంతేది."

నా పెన్సిలు ఒక గీత వెనకబడింది.

ఇంకా చెప్పింది:
రాయికి నార తీసి బతికాం,
అందులో సిగ్గేముంది, కూలి బాగానే ఇచ్చేవాళ్ళు.
ఖాళీ సంచులు ఉచితం, బంగాళాదుంపలకు కప్పేవాళ్ళం.
చర్చి వెనక చెక్కబంతులాట నేల మీద
ఆ పొడే పరిచారు, వానకు బురద కాకుండా.
"తరవాత రాయి మా నార తీయడం మొదలెట్టింది."
ఒరెస్తె పోయాడు.
ఫ్యాక్టరీ గడప తొక్కని చిన్నది కూడా,
నలభై రెండేళ్ళకు.

తెల్ల చేతుల పెద్దమనిషి మెల్లగా అన్నాడు:
"అమ్మా, మీ బాధ అర్థమైంది.
మేం అడిగేది రెండేళ్ళే."
ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
"రెండేళ్ళంటే నూట నాలుగు శనివారాలు.
ఎవరు ఉతుకుతారు?"

అప్పుడొచ్చింది దగ్గు.
పొడి దగ్గు, లోపలెక్కడో పాత గోనెను
ఎవరో నిదానంగా చింపుతున్నట్టు.
గోడ గడియారం చూశాను: నిమిషం మీద పది సెకన్లు.
నా లిపిలో దానికి గుర్తు లేదు.
ఒకటి కల్పించాను,
కొస విప్పుకున్న దారప్పోగు లాంటిది.

మరునాడు ప్రూఫు చూసిన మా పెద్ద తావెర్నా
ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.
"చప్పుళ్ళు మాటలు కావు, ఫియొరెంజా."
అచ్చులో వచ్చింది: "స్వల్ప విరామం."

బిల్లు నెగ్గింది. గడువు మాత్రం మిగిలింది,
రెండేళ్ళు కాదు, ఏడాది. బేరం కుదిరింది.
యాభై రెండు, అనుకున్నాను.
అనుకుని ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా ఎక్కడా నమోదు కాలేదు.
ఆ రోజు సభ ముగిసి అందరూ గొడుగులు వెతుక్కుంటుంటే
ఎర్సీలియా నీళ్ళగ్లాసులో చేతిరుమాలు ముంచి
తను కూర్చున్న కుర్చీని తుడిచింది.
సీటు, వెన్ను ఆనిన చోటు, కాళ్ళ మధ్య కమ్మీ.
"శుభ్రంగానే ఉందమ్మా" అన్నాను.
"పొడిగుడ్డతో తుడిస్తే లేస్తుంది" అంది,
రుమాలు లోపలివైపుకు మడుచుకుంటూ,
"అప్పట్లో ఎవరూ చెప్పలేదు మాకు."